తేట నీరంతా మంచి నీరేనా?

పోయిన నెల ఈ శీర్షికలో బావి నీటి పరీక్ష గురించి రాస్తూ చివర్లో "సరస్సుల సంగతి వేరు, అది ఇంకోసారి" అన్నాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను 31 ఏళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాను. అందులో సగం కాలం పడవ మీదే గడిచింది, ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో శాంపిల్ సీసా. అందుకే ఈ నెల చోటంతా సరస్సులకే ఇచ్చేస్తున్నాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాను.

ప్రశ్న: మేడమ్, సెలవుల్లో ఒక పెద్ద సరస్సు చూడ్డానికి వెళ్లాం. పడవలోంచి చూస్తే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, అంత తేటగా ఉంది. నేను దోసిలితో తాగాను. మావారు వద్దని కోప్పడ్డారు. అంత శుభ్రమైన నీటిని కూడా అనుమానించాలా? – ఒక గృహిణి

జవాబు: మీవారి మాటే సరైనది. కానీ మీరు పొరపడ్డ చోటే నేనూ ఒకసారి పొరపడ్డాను, కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టలేను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున శాంపిళ్లు తీస్తున్నాం. తేట కొలవడానికి తాడు కట్టి నీళ్లలోకి దించే కొలపళ్లెం ఆ రోజు 9 మీటర్ల లోతు దాకా కనిపించింది. నా మనసు ఎంత పొంగిపోయిందో చెప్పలేను. ఒడ్డున బిందెతో నిలబడ్డ ఒకావిడ "ఈ నీళ్లు తాగొచ్చా అమ్మా?" అని అడిగింది. "ఇంత తేటగా ఉన్నాయి కదా, పరవాలేదు" అన్నాను. మర్నాడు ల్యాబ్‌లో గాజు పళ్లాలు తెరిచి చూస్తే మురుగు కలిసిందని చెప్పే ఇ.కోలై అనే బ్యాక్టీరియా మచ్చలు లెక్కపెట్టలేనన్ని. మేం శాంపిల్ తీసిన చోటికి కాస్త అవతల ఒక మురుగు పైపు నీళ్ల కిందుగా సరస్సులోకి తెరుచుకుని ఉందని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే మళ్లీ వెళ్లి ఆవిడకు చెప్పాను. అప్పటికే పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులకు తగ్గాయి గానీ, ఆ గుమ్మం ముందు నిలబడ్డ క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అప్పట్నుంచి పరీక్ష కాకుండా ఏ నీటి గురించీ నోరు విప్పలేదు.

తేట అంటే వెలుగు ఎంత లోతుకు పోతుందన్న కొలత, అంతే. నీళ్లలో బురద లేదని, నాచు తక్కువని అది చెబుతుంది. జబ్బు చేసే క్రిములు కంటికి కనిపించవు. ఒక్క మిల్లీలీటరు నీటిలో లక్షల బ్యాక్టీరియా ఉన్నా గ్లాసులో తళతళ మెరుస్తూనే ఉంటుంది. కరిగిపోయిన సీసం, పురుగుమందులు కూడా అంతే, వాటికి రంగుండదు.

ఒక్కోసారి తేటదనమే జబ్బుకు గుర్తు. ఆమ్ల వర్షాలు పడిన రోజుల్లో నార్వే, స్వీడన్‌లలో కొన్ని సరస్సులు అద్దంలా మెరిసేవి. చూడ్డానికి వచ్చినవాళ్లు మురిసిపోయేవాళ్లు. నీళ్లు పులిసిపోయి చేపలు పోయాయి, సూక్ష్మజీవుల్లో చాలా భాగం పోయాయి, మిగిలింది ఆ మెరుపు. అమెరికా, కెనడాల వైపు మహా సరస్సులని పిలిచే ఐదు పెద్ద సరస్సులున్నాయి. వాటిలో ఒకటైన మిషిగన్ కథ ఇంకోలా ఉంటుంది. ఓడలు బరువు కోసం పొట్టలో నింపుకునే నీళ్లతో పాటు జీబ్రా, క్వాగా అనే చిన్న ఆల్చిప్పలు 1980ల చివర్లో ఆ మహా సరస్సుల్లోకి వచ్చిపడ్డాయి. ఒక్కో ఆల్చిప్ప రోజుకు సుమారు లీటరు నీటిని వడకడుతుంది. అలాంటివి కోటానుకోట్లు అడుగంతా పరుచుకుని నీళ్లలోని సన్నటి నాచునంతా తినేశాయి. మిషిగన్ నీళ్లు ఇప్పుడు మునుపెన్నడూ లేనంత తేటగా ఉన్నాయి. కానీ ఆ నాచు తిని బతికే చిన్న రొయ్యలాంటి జీవులకు, వాటిని తినే చేపలకు తిండి లేకుండా పోయింది. తేటనీళ్లలో ఎండ లోతుకు దిగడంతో ఒడ్డు వెంట రాళ్ల మీద క్లాడోఫోరా అనే దారపు నాచు గుబురుగా పెరిగి, తెగి, గట్టుకు కొట్టుకొచ్చి కుళ్లుతోంది.

మీకిప్పుడు కడుపునొప్పి, జ్వరం ఏవీ లేకపోతే టెన్షన్ పడకండి. ఇకమీదట మాత్రం ఎంత తేటగా ఉన్నా శుద్ధి చేయని సరస్సు నీళ్లు తాగొద్దు.

ప్రశ్న: వందల కిలోమీటర్ల పొడవున్న సరస్సులో ఒక ఊరి మురుగు కలిస్తే ఏమవుతుంది? సముద్రంలో కాకిరెట్ట కదా! అనవసరంగా భయపెడుతున్నారేమో. – రిటైరైన ఒక ఇంజినీరు

జవాబు: మీరు ఇంజినీరు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. సరస్సులోని నీరంతా ఒకసారి బయటికి పోయి కొత్త నీరు రావడానికి ఎంత కాలం పడుతుందో లెక్కకట్టే పద్ధతి ఉంది. అమెరికా, కెనడాల మధ్యనున్న ఈరీ సరస్సుకు అది సుమారు 2.6 ఏళ్లు. దానికి ఎగువనున్న సుపీరియర్‌కు 191 ఏళ్లు. రష్యాలోని బైకాల్‌కు 330 ఏళ్ల పైచిలుకు. కాలిఫోర్నియా, నెవాడాల మధ్యనున్న టాహోకు దాదాపు 650 ఏళ్లు. ఏట్లో పోసింది నాలుగు రోజుల్లో దిగువకు పోతుంది. సుపీరియర్‌లో ఇవాళ పోసింది మీ మునిమనవల కాలానికీ అందులోనే ఉండొచ్చు. సరస్సు పెద్దదైనకొద్దీ పలచబడుతుందన్న మీ మాట నిజమే. కానీ పెద్దదైనకొద్దీ వదలదు కూడా. ఈ రెండో సగం మన లెక్కలోకి రావడం లేదు.

అసలు అన్నీ పలచబడవు కూడా. పీసీబీలనే రసాయనాలను ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడేవాళ్లు. అమెరికాలో వాటి తయారీని 1979లో నిషేధించారు. అవి నీళ్లలో కొలవడానికే కష్టమయ్యేంత కొద్దిగా ఉంటాయి. కానీ కొవ్వులో పేరుకుంటాయి. నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, దాన్ని తినే పక్షికి వెళ్లేసరికి లక్షల రెట్లు చిక్కబడతాయి. ఆ మహా సరస్సుల్లోని కొన్ని చేపలను నెలకు ఇన్నిసార్లకు మించి తినొద్దని ఇప్పటికీ ప్రజలకు సూచనలు ఇస్తూనే ఉన్నారు, తయారీని నిషేధించి నాలుగు దశాబ్దాలు దాటినా.

ఇంకొకటి. మురుగు సరస్సంతటా సమానంగా కలవదు, ముందు ఒడ్డున నిలబడుతుంది. బైకాల్ లోతు 1,642 మీటర్లు. భూమి మీద గడ్డకట్టకుండా ఉన్న ఉపరితల మంచినీటిలో ఐదో వంతు దాని ఒక్కదానిలోనే ఉంది. దానికేమవుతుందని అక్కడివాళ్లూ మీలాగే అనుకున్నారు. దాని ఒడ్డున 1966లో మొదలైన కాగితపు గుజ్జు ఫ్యాక్టరీ 2013 దాకా నడిచింది. దాని వ్యర్థాల బురద లక్షల టన్నులు ఒడ్డున గుంటల్లో పేరుకుపోయింది. ఈ మధ్య ఊళ్లున్న చోట్ల, పర్యాటకుల మురుగు సరిగా శుద్ధి కాని చోట్ల, ఒడ్డు వెంట స్పైరోగైరా నాచు మోకాలెత్తు మేటలు వేస్తోంది. మధ్య సరస్సుకు వెళ్లి చూస్తే నీళ్లు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటాయి. చేప గుడ్లు పెట్టేది, పిల్లలు ఈదేది, పంపు నీళ్లు తోడేది మధ్యలో కాదు కదండీ, ఒడ్డునే.

ప్రశ్న: షాంపూ సీసా మీద "ప్రకృతిలో కలిసిపోతుంది" అని రాసి ఉంది. అది వాడి సరస్సులో తలస్నానం చేయొచ్చా? – ఒక కాలేజీ విద్యార్థిని

జవాబు: వద్దమ్మా. కలిసిపోవడం అంటే మట్టిలోని సూక్ష్మజీవులు కొన్ని రోజులు తీసుకుని దాన్ని విరగ్గొట్టడం. నీళ్లలో పడిన క్షణంలో అది నురగే, చేప మొప్పలకు హానే. బకెట్టుతో నీళ్లు తెచ్చుకుని, ఒడ్డుకు కనీసం 60, 70 మీటర్ల దూరంలో మట్టి నేల మీద స్నానం చెయ్యి.

ప్రశ్న: సరస్సు పచ్చబడడానికి కారణం నత్రజని అని ఒక పుస్తకంలో, భాస్వరం అని ఇంకో పుస్తకంలో ఉంది. పరీక్షలో ఏది రాయాలి మేడమ్? – బీఎస్సీ రెండో ఏడాది విద్యార్థి

జవాబు: ఈ ప్రశ్న వచ్చినందుకు చాలా సంతోషం బాబూ. దీనికి జవాబు దొరికిన విధానం నాకు ప్రాణం.

1960ల చివరికి ఈరీ సరస్సు పచ్చటి పాచితో నిండిపోయింది. తప్పు భాస్వరానిదని కొందరు, కర్బనానిదని కొందరు, నత్రజనిదని ఇంకొందరు. డిటర్జెంట్లలో భాస్వరం ఉండే ఫాస్ఫేట్ వాడే కంపెనీలకు ఈ వాదన తేలకపోతేనే లాభం. సీసాల్లో చేసిన ప్రయోగాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. అప్పుడు కెనడాలోని ఒంటారియో అడవుల్లో చిన్న చిన్న సరస్సులనే ప్రయోగశాలగా చేసుకున్నారు. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సుకు నడుము దగ్గర అడ్డంగా ప్లాస్టిక్ తెర కట్టింది. ఒకవైపు కర్బనం, నత్రజని వేశారు. రెండోవైపు అవే వేసి, వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. కొన్ని వారాలకే భాస్వరం పడిన సగం చిక్కటి ఆకుపచ్చ రంగుకు తిరిగింది. భాస్వరం పడని సగం మునుపటిలాగే నల్లగా, నిర్మలంగా ఉంది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో ఒక్కటి చాలు. అది చూశాక మంత్రులకు, సామాన్యులకు వేరే వివరణ అవసరం లేకపోయింది. నేను మా ల్యాబ్‌లో టేబుల్ ఎదురుగా ఆ ఫోటో అంటించుకున్నాను. రిటైరయ్యే రోజు తీసి ఇంటికి తెచ్చుకున్నాను.

కారణం అర్థమైతే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని తామే పట్టుకోగలవు. కర్బనం కూడా గాలిలోంచి నీళ్లలోకి వచ్చేస్తుంది. భాస్వరానికి గాలిలో నిల్వ లేదు. అది మురుగుతోనో, ఎరువుతోనో, కొట్టుకొచ్చిన మట్టితోనో రావాలి. కాబట్టి తాళం వేయగలిగిన తలుపు అదొక్కటే. పరీక్షలో "చాలా మంచినీటి సరస్సుల్లో ప్రధాన కారణం భాస్వరం" అని రాయి. ఆ కింద ఇంకో వాక్యం చేర్చు: చైనాలోని తాయ్‌హూ లాంటి లోతులేని పెద్ద సరస్సుల్లో నత్రజని కూడా ముఖ్యమే, అక్కడ రెండింటినీ తగ్గించాల్సి వస్తోంది. ఆ వాక్యం కూడా ఉంటేనే జవాబు పూర్తవుతుంది.

ప్రశ్న: మా పంపు నీళ్లు సరస్సు నుంచే వస్తాయి. సరస్సు మీద పెయింట్ ఒలికినట్టు పచ్చటి తెట్టు కట్టింది. మరగబెట్టి తాగితే చాలు కదా? అలాగే మా కుక్క ఆ నీళ్లలో దిగుతుంది, ఏమైనా ప్రమాదమా? – ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మరగబెడితే చాలదు. దయచేసి ఈ మాట మీ చుట్టుపక్కల వాళ్లకు కూడా చెప్పండి. మరగబెడితే క్రిములు చస్తాయి. కానీ ఆ తెట్టులో ఉండే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది వేడికి విరగదు. పైగా నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి గిన్నెలో మిగిలినదాంట్లో విషం ఇంకా చిక్కబడుతుంది. బ్యాక్టీరియా కణాలు పగిలి లోపలి విషం బయటికి వస్తుంది కూడా. ఇది కాలేయానికి చేటు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం తాగే నీటికి పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము.

2014 ఆగస్టులో ఈరీ ఒడ్డునున్న టొలీడో నగరంలో సరిగ్గా ఇదే జరిగింది. సరస్సు పడమటి భాగం లోతు తక్కువ, పొలాల ఎరువు మోసుకొచ్చే మామీ నది కలిసేది అక్కడే. తెట్టు వచ్చి నీళ్లు తోడే చోటును కమ్మేసింది. 4 లక్షల మందికి పైగా జనానికి "నీళ్లు తాగొద్దు, మరగబెట్టొద్దు" అని తెల్లవారుజామున చెప్పాల్సి వచ్చింది. దాదాపు మూడు రోజులు సీసా నీళ్లతోనే బతికారు. అంతకుముందు 2007లో తాయ్‌హూ ఒడ్డున వూషీ నగరంలో సుమారు 20 లక్షల మంది పంపుల్లోంచి కుళ్లు వాసన నీళ్లు వచ్చాయి.

మీరు చేయాల్సింది: మీకు నీళ్లు సరఫరా చేసేవాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి, ఈ విషానికి పరీక్ష చేస్తున్నారా అని అడగండి. జవాబు వచ్చేదాకా పిల్లలకు వేరే చోటి నీళ్లు ఇవ్వండి. కుక్కను ఆ నీళ్ల దగ్గరికే పోనివ్వకండి. అది నీళ్లు తాగడమే కాదు, గట్టెక్కాక ఒంటికి అంటిన తెట్టును నాకుతుంది. అలా గంటల్లోనే కుక్కలు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఇప్పటికే దిగి ఉంటే శుభ్రమైన నీళ్లతో బాగా కడగండి. వాంతులు, తూలడం, వణుకు కనిపిస్తే వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఏటా ఎండలు ముదిరాక మా సరస్సులో చేపలు తేలుతున్నాయి. ఎవరో విషం కలిపారని పోట్లాటలు. పై నీళ్లు పరీక్షిస్తే అంతా సవ్యంగానే ఉంది అంటున్నారు. – చేపలు పట్టే ఒక సోదరుడు

జవాబు: పై నీళ్లు కాదు తమ్ముడూ, అడుగు నీళ్లు పరీక్షించమనండి. ఎండాకాలంలో లోతున్న సరస్సు రెండు అంతస్తుల ఇల్లులాంటిది. వేడెక్కిన నీళ్లు తేలికై పైన నిలబడతాయి, చల్లటి బరువు నీళ్లు కింద ఉంటాయి. రెండూ కలవవు. పైనుంచి చచ్చిన నాచు కిందికి రాలుతూ ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కింది అంతస్తులోని ఆక్సిజన్ అంతా పీల్చేస్తాయి. కొత్త ఆక్సిజన్ దిగడానికి దారి లేదు.

నేను అలాంటి సరస్సుల్లో అడుగు నుంచి సీసా పైకి లాగి మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమనేది. పై నీళ్లు చక్కగా ఉన్న రోజే. పెద్ద గాలివాన వచ్చి ఆ కింది నీళ్లను పైకి తిరగదోడితే ఒక్క రాత్రిలో చేపలకు ఊపిరాడకుండా పోతుంది. విషం కలిపినవాడెవడూ ఉండకపోవచ్చు. పోట్లాట ఆపి, గాలివాన తర్వాతే చేపలు తేలుతున్నాయా అని తేదీలు రాసిపెట్టుకోండి. మీ దగ్గరున్న ఆ లెక్క ల్యాబ్ వాళ్ల దగ్గర ఉండదు. అడుగున ఆక్సిజన్ అయిపోతే జరిగే నష్టం ఇంకొకటి ఉంది. ఎన్నేళ్లుగానో బురదలో ఇనుముతో కలిసి కూర్చున్న భాస్వరం విడిపోయి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. మురుగు ఆపేసిన తర్వాత కూడా కొన్ని సరస్సులు ఏళ్ల తరబడి పచ్చగానే ఉండిపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ చదివితే గుండె నీరైపోతోంది. పాడైన పెద్ద సరస్సు తిరిగి బాగుపడిన ఉదాహరణ ఒక్కటైనా ఉందా? మాలాంటి మామూలువాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా? – ఒక టీచరు

జవాబు: ఉందండీ. అమెరికాలో సియాటిల్ పక్కనే వాషింగ్టన్ సరస్సు ఉంది. చుట్టూ ఊళ్లు పెరిగి, శుద్ధి చేసిన మురుగంతా అందులోకే వదిలారు. శుద్ధి చేసినా భాస్వరం మాత్రం పోలేదు. 1955లో ఆసిలటోరియా అనే నాచు కనిపించగానే ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసరు రాబోయేది చెప్పారు. జనం ఓటు వేసి తమ మీద తామే ఖర్చు వేసుకున్నారు. 1963 నుంచి 1968 దాకా ఒక్కొక్క పైపునే సరస్సు నుంచి మళ్లించారు. మొదట్లో కొలపళ్లెం 1 మీటరు లోతుకే మాయమయ్యేది. 1976 తర్వాత డాఫ్నియా అనే నీటి పురుగులు తిరిగొచ్చి నాచును మేయడం మొదలుపెట్టాక 10 మీటర్లు దాటి కనిపించిన రోజులు ఉన్నాయి. ఆ మురుగు గాలిలో కలిసిపోలేదు, శుద్ధి చేసి సముద్రపాయలోకి పంపారు. ఆ మాట కూడా చెప్పకపోతే నేను నిజం మొత్తం చెప్పినట్టు కాదు.

జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్యనున్న కాన్‌స్టెన్స్ సరస్సు సుమారు 40 లక్షల మందికి తాగునీరు ఇస్తుంది. 1980 ప్రాంతంలో లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటిన భాస్వరం ఇప్పుడు 10 లోపే. అయితే అక్కడి జాలర్లు నీళ్లు మరీ శుభ్రమైపోయి చేపలకు తిండి తగ్గిందని బాధపడుతున్నారు. వాళ్ల కష్టం నిజమైనదే. నా మటుకు నేను ఆ నీళ్లు తాగేవాళ్ల పక్షం, భాస్వరం మళ్లీ పెంచడానికి ఒప్పుకోను. జాలర్లకు జరిగిన నష్టాన్ని మాత్రం అందరూ పంచుకోవాలంటాను.

ఇక మీరేం చేయగలరు అన్నారు. మీరు టీచరు, పిల్లలున్నారు, సరస్సు దగ్గరుంది. కొలవండి. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త, పోపు గారి ఓడ మీదినుంచి తెల్లటి పళ్లెం సముద్రంలోకి దించి ఎంత లోతులో కనుమరుగవుతుందో చూశారు. ఇవాళ్టికీ మేం చేసేది అదే పని. టాహో సరస్సులో 1968 నుంచి ఆపకుండా కొలుస్తున్నారు. ఆ ఏడాది సగటు 31 మీటర్లు. ఈ మధ్య ఏళ్లలో 20 మీటర్ల చుట్టుపక్కల. రోడ్ల మీది సన్నటి ధూళి కొట్టుకొచ్చి తేట తగ్గిస్తోందని ఆ వరుస లెక్కల వల్లే పట్టుకోగలిగారు.

20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకు తీసుకుని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటికి నలుపు, మిగతా రెండింటికి తెలుపు రంగు వేయించండి. సాగని తాడు కట్టి, ప్రతి అర మీటరుకూ ముడి వేయండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, పడవ నీడపడే వైపు నుంచి దించండి. కనుమరుగైన లోతు, పైకి లాగేటప్పుడు మళ్లీ కనిపించిన లోతు, రెండూ రాసి సగటు తీయండి. నెలకు రెండుసార్లు, అదే చోట. పిల్లలకు లైఫ్‌జాకెట్ లేకుండా పడవ ఎక్కించొద్దు. పళ్లెం కింద బరువు కట్టడం మరిచిపోకండి. బరువు లేకపోతే అలలకు తాడు ఏటవాలుగా పోయి, ఉన్నదానికన్నా ఎక్కువ లోతు చూపిస్తుంది. ఆరు నెలల కొలతలు అయ్యాక నాకు పంపండి, ఈ శీర్షికలోనే వేద్దాం.